మైనపు పళ్లెం నుంచి చెరువు గట్టు దాకా: మన బడుల్లో జీవశాస్త్రం నేర్పిన తీరు



జీవుల గురించి తెలిపే శాస్త్రమే జీవశాస్త్రమని మీరు చిన్న తరగతుల్లోనే చదువుకున్నారు. అయితే ఒక జీవి గురించి తెలుసుకోవడం ఎలా? దీనికి చరిత్రలో ముఖ్యంగా రెండు జవాబులు కనిపిస్తాయి. ఒకటి, దాన్ని కోసి లోపల ఏముందో చూడటం. రెండోది, అది బతికే చోటికి వెళ్లి ఎలా బతుకుతున్నదో చూడటం. మొదటిదాన్ని విచ్ఛేదనం అంటాం. రెండోది ఆవరణశాస్త్రానికి దారి తీసింది. మన దేశంలో ఈ రెండు పద్ధతులూ తరగతి గదిలోకి ఎలా వచ్చాయి, ఒకటి ఎందుకు వెనక్కి తగ్గింది, రెండోది ఎంతవరకు ముందుకు వచ్చింది అన్నది ఈ పాఠంలో చూద్దాం. ఇది కేవలం గతానికి సంబంధించిన కథ కాదు. రేపు మీరు ప్రయోగశాలలో ఏం చేస్తారు, ఏం చేయరు అన్నది ఈ చరిత్ర మీదే ఆధారపడి ఉంది.

శరీరం లోపలికి తొలి చూపు

శరీరాన్ని లోపలి నుంచి చూడాలన్న కోరిక మనకు కొత్తది కాదు. శస్త్రవైద్యం నేర్చుకునేవాడు మృతదేహాన్ని పరిశీలించి తీరాలని సుశ్రుత సంహిత చెప్పింది. దేహాన్ని గడ్డితో చుట్టి, పంజరంలో ఉంచి, పారే నీటిలో కొన్ని రోజులు నానబెట్టి, ఆ తర్వాత కుంచెలాంటి దానితో పొర తర్వాత పొరను మెల్లగా తొలగిస్తూ చూడమని అందులో ఉంది. కాలక్రమంలో ఈ ఆచారం మరుగున పడింది. శవాన్ని తాకడమే మైలగా భావించే రోజులు వచ్చాయి.

1835లో కలకత్తా వైద్య కళాశాల ప్రారంభమైంది. ఆ మరుసటి ఏడాది, అంటే 1836లో, పండిత మధుసూదన్ గుప్తా అక్కడ మానవ దేహాన్ని విచ్ఛేదనం చేశారు. ఆయన ఆయుర్వేదం చదివిన వైద్యుడు, సంస్కృత పండితుడు. ఆధునిక భారత వైద్య విద్యలో ఆ రోజును ఒక మలుపుగా చెప్పుకుంటారు. చూసి నేర్చుకోవడం, విని నేర్చుకోవడం ఒకటి కాదని ఆ సంఘటన చాటింది.

వైద్య కళాశాల సంగతి సరే, మరి బడికి జంతు విచ్ఛేదనం ఎలా వచ్చింది? ఇందులో ఇంగ్లండుకు చెందిన థామస్ హెన్రీ హక్స్‌లీ పాత్ర పెద్దది. డార్విన్ సిద్ధాంతాన్ని గట్టిగా సమర్థించిన శాస్త్రవేత్త ఆయన. 1871 వేసవిలో లండన్‌లోని సౌత్ కెన్సింగ్టన్‌లో బడి ఉపాధ్యాయుల కోసం ఒక శిక్షణ తరగతి నడిపారు. పాఠం వినడంతో సరిపెట్టకుండా, విన్నదాన్ని బల్ల దగ్గర స్వయంగా కోసి, గీసి, సూక్ష్మదర్శినిలో చూసి నిర్ధారించుకోవాలన్నది ఆయన పద్ధతి. 1875లో మార్టిన్‌తో కలిసి ఆయన రాసిన ప్రయోగ పుస్తకం ఈ పద్ధతిని చాలా దేశాలకు చేర్చింది. ఒక్కో జంతు వర్గం నుంచి ఒక్కో ప్రతినిధిని ఎంచుకుని, దాన్ని క్షుణ్ణంగా చదివితే ఆ వర్గమంతా అర్థమవుతుందన్నది ఇందులోని ఆలోచన. మన విశ్వవిద్యాలయాలూ ఇదే బాట పట్టాయి. వానపాము, బొద్దింక, కప్ప మన పాఠ్యపుస్తకాల్లో శాశ్వత నివాసులు కావడానికి కారణం ఇదే.

కప్పే ఎందుకు?

వెన్నెముక గల జంతువులకు ప్రతినిధిగా కప్ప దొరికింది. అరచేతిలో పట్టేంత పరిమాణం, వానాకాలంలో ఎక్కడ చూసినా కనిపించడం, అవయవాల అమరిక స్పష్టంగా ఉండటం దీనికి కారణాలు. అంతకుముందే శాస్త్ర చరిత్రలో దానికి చోటుంది. 1661లో మాల్పీజీ కప్ప ఊపిరితిత్తుల్లో రక్తకేశనాళికలను చూశారు. 18వ శతాబ్దం చివర గాల్వానీ కప్ప కాలి కండరాలపై చేసిన ప్రయోగాలు విద్యుత్తు గురించిన ఆలోచనలనే మార్చాయి.

1980లలో ఇంటర్మీడియట్‌లో బైపీసీ చదివిన మా తరానికి ఆ ప్రయోగశాల బాగా గుర్తు. క్లోరోఫాం వాసన, మైనం పోసిన పళ్లెం, గుండుసూదులు, కత్తెర, పట్టకారు. కప్పను వెల్లకిలా పడుకోబెట్టి కాళ్లకు సూదులు గుచ్చేవాళ్లం. చర్మాన్ని, కండరాన్ని తొలగించాక రెండు కర్ణికలు, ఒక జఠరిక ఉన్న గుండె కొన్నిసార్లు ఇంకా కొట్టుకుంటూ కనిపించేది. పుస్తకంలోని బొమ్మ మొదటిసారి నిజమయ్యేది అప్పుడే. చేతికి నేర్పు వచ్చేది, ఓపిక అలవడేది. ఆ లాభాలను కాదనలేం.

కానీ ఆ బల్ల మీద ఒక వింత కూడా జరిగేది. జీర్ణాశయాన్ని గుర్తించి పేరు రాసేవాళ్లం. దాన్ని తెరిచి లోపల ఏముందో చూసినవారు అరుదు. చూసి ఉంటే పురుగులు, పీతల ముక్కలు కనిపించేవి. కప్పను వరిచేనుతో, చెరువుతో కలిపే దారం అదే. ఆ దారాన్ని వదిలేసి అవయవాల పేర్లను మాత్రమే పట్టుకున్నాం.

కప్ప ఖరీదు

మన బడుల్లో, కళాశాలల్లో వాడిన కప్పను పాత పుస్తకాలు రానా టైగ్రినా అన్నాయి. నేటి శాస్త్రీయ నామం హోప్లోబాట్రాకస్ టైగరినస్. తొలకరికి పొలాల్లో బెకబెకమనే పెద్ద గోదురుకప్ప ఇది. జత కట్టే కాలంలో మగ కప్ప పసుపు పచ్చగా మారుతుంది, గొంతు పక్కన నీలి సంచులు ఉబ్బుతాయి. ఇదే కప్ప కాళ్లను మన దేశం ఏటా వేల టన్నుల లెక్కన విదేశాలకు ఎగుమతి చేసిన రోజులున్నాయి. పొలాల్లో కప్పలు తగ్గితే పురుగులు పెరుగుతాయన్న ఆందోళన అప్పుడే మొదలైంది. 1985లో అంతర్జాతీయ వన్యప్రాణి వ్యాపార ఒప్పందం జాబితాలో ఈ కప్పను చేర్చారు. 1987లో భారత ప్రభుత్వం కప్ప కాళ్ల ఎగుమతిని నిషేధించింది. కప్పల సేకరణలో పెద్ద వాటా ఎగుమతులదే. అయినా దేశమంతటా ఏటేటా తరగతి గదులకు చేరిన కప్పలు కూడా అవే పొలాల నుంచి, అవే కుంటల నుంచి వచ్చాయన్నది మరువరాదు.

చట్టం చూస్తే, 1960లో వచ్చిన జంతు హింస నివారణ చట్టంలోనే ఈ విషయం ఉంది. పుస్తకాలు, నమూనాలు, చలనచిత్రాలు వంటి వాటితో బోధన సాధ్యమైన చోట, ఉదాహరణకు బడులు, కళాశాలల్లో, జంతువులపై ప్రయోగాలు వీలైనంతవరకు మానుకోవాలని ఆ చట్టం సూచించింది. ఆచరణలోకి రావడానికి మాత్రం దశాబ్దాలు పట్టింది. 1990ల చివర ఈ ప్రశ్న ఢిల్లీ హైకోర్టు దాకా వెళ్లింది. ఇష్టం లేని విద్యార్థి విచ్ఛేదనం చేయనవసరం లేదన్న స్వేచ్ఛ లభించింది. తర్వాత బడి స్థాయి ప్రయోగాల నుంచి జంతు విచ్ఛేదనం క్రమంగా తప్పుకుంది. విశ్వవిద్యాలయ నిధుల సంఘం 2011లో దీన్ని దశలవారీగా తగ్గించాలని మార్గదర్శకాలు ఇచ్చింది. 2014లో డిగ్రీ, పీజీ జంతుశాస్త్ర తరగతుల్లోనూ ఆపాలని ఆదేశించింది.

బయటికి తెరిచిన తలుపు

ఇక రెండో దారి. 1866లో జర్మన్ శాస్త్రవేత్త ఎర్నెస్ట్ హెకెల్ జీవులకూ వాటి పరిసరాలకూ ఉన్న సంబంధాలను చదివే శాస్త్రానికి ఒక పేరు పెట్టారు. ఇల్లు అనే అర్థమిచ్చే గ్రీకు మాట నుంచి ఆ పేరు పుట్టింది. మనం దాన్నే ఆవరణశాస్త్రం అంటున్నాం. ఆవరణ వ్యవస్థ అనే భావనను 1935లో టాన్‌స్లీ ప్రవేశపెట్టారు. మన దేశంలో ఈ శాస్త్రానికి పునాది వేసినవారిలో బెనారస్ హిందూ విశ్వవిద్యాలయానికి చెందిన రామ్‌దేవ్ మిశ్రా ముఖ్యులు. క్షేత్రంలో ఎలా కొలవాలి, ఎలా లెక్కించాలి అన్నది నేర్పే ఆయన అభ్యాస పుస్తకం 1968లో వెలువడింది.

బడి పిల్లల్ని తరగతి బయటికి నడిపించిన గొప్ప ప్రయత్నం 1972లో మధ్యప్రదేశ్‌లోని హోషంగాబాద్ జిల్లాలో మొదలైంది. ఆ జిల్లా పేరు ఇప్పుడు నర్మదాపురం. 16 మాధ్యమిక పాఠశాలలతో ప్రారంభమైన ఆ కార్యక్రమంలో పిల్లలు ఆకులు, పూలు సేకరించారు, చిన్న ప్రాణుల జీవిత చక్రాలు గమనించారు, ప్రయోగాలు చేసి తామే నిర్ణయాలకు వచ్చారు. ముప్పై ఏళ్లు నడిచాక 2002లో ప్రభుత్వం దాన్ని ఆపివేసింది.

ఇంతలో న్యాయస్థానం ఒక అడుగు వేసింది. ఎం.సి. మెహతా వేసిన వ్యాజ్యంలో 1991 నవంబరు 22న సుప్రీంకోర్టు పర్యావరణ విద్యను తప్పనిసరి పాఠ్యాంశం చేయాలని చెప్పింది. అమలు మందకొడిగా సాగడంతో 2003లో మళ్లీ ఆదేశాలిచ్చింది. డిగ్రీలో ఏ కోర్సు చదివినా పర్యావరణ పాఠం తప్పనిసరి కావడానికి మూలం ఈ తీర్పే.

కత్తి పట్టని పరిశోధన

ఇక్కడ మీకొక ప్రశ్న రావచ్చు. కోయకుండా, ఖరీదైన పరికరాలు లేకుండా చేసేది నిజమైన పరిశోధన అవుతుందా? దీనికి జె.బి.ఎస్. హాల్డేన్ జీవితం జవాబు చెబుతుంది. ప్రపంచ ప్రసిద్ధి పొందిన ఈ బ్రిటిష్ జన్యుశాస్త్రవేత్త 1957లో మన దేశానికి వచ్చి, కలకత్తాలోని భారత గణాంక సంస్థలో చేరారు. తర్వాత భువనేశ్వర్‌లో స్థిరపడ్డారు. జంతువుల్ని హింసించకుండా జీవశాస్త్రం చేయడానికి భారతదేశం తగిన చోటని ఆయన నమ్మారు. కన్ను, నోటుపుస్తకం, లెక్క: ఈ మూడింటితో ఎంత చేయవచ్చో తన శిష్యులతో చేయించి చూపారు.

ఎస్.కె. రాయ్ ఒకే చెట్టు పారిజాతం పూలకు ఎన్ని రేకులున్నాయో ఓపికగా లెక్కించారు. జయకర్ తీతువు పిట్టల గూళ్లను గమనించారు. మన పిఠాపురంలో పుట్టిన ద్రోణంరాజు కృష్ణ సీతాకోకచిలుకల వెంట నడిచారు. కొన్ని చోట్ల తలంబ్రాల చెట్టు అని పిలిచే లాంటానాకు వేర్వేరు రంగుల పూలు పూస్తాయి కదా! ఏ జాతి సీతాకోకచిలుక ఏ రంగు పువ్వు మీద వాలుతున్నదో ఆయన నమోదు చేశారు. కొన్ని జాతులు ఒక రంగునే ఎంచుకుంటున్నాయని గుర్తించారు. ఒకే చోట పెరుగుతున్న మొక్కలు కూడా ఇలాంటి ఎంపిక వల్ల కాలక్రమంలో వేరు జాతులుగా విడిపోయే అవకాశం ఉందన్న ఆలోచనకు అది దారి తీసింది. ఆ పరిశీలన 1960లో నేచర్ పత్రికలో అచ్చయింది.

హాల్డేన్ 1964 డిసెంబరు 1న మరణించారు. తన దేహాన్ని విద్యార్థుల చదువుకోసం ఇవ్వాలని ముందే రాసి ఉంచారు. దాని ప్రకారం అది కాకినాడలోని రంగరాయ వైద్య కళాశాలకు చేరింది. గమనించారా? ఆయన విచ్ఛేదనానికి శత్రువు కాదు. మరో ప్రాణిని అడగకుండా తీసుకోవడం వేరు, తన దేహాన్ని తానే ఇవ్వడం వేరు. వైద్య విద్యార్థికి మానవ దేహం నేటికీ గురువే.

రెండూ లేని చదువు

కథ ఇక్కడితో సుఖాంతమైతే బాగుండేది. కానీ ఒక చిక్కు మిగిలింది. మైనపు పళ్లెం తీసేశాం, దాని స్థానంలో ఏం పెట్టాం? చాలాచోట్ల ఒక రంగుల పటం, లేదా తెర మీద ఒక వీడియో. ఆవరణశాస్త్రం తప్పనిసరి అయింది, అది కూడా పరీక్ష కోసం బట్టీ పట్టే అధ్యాయంగా మారింది. ఉపాధ్యాయ శిక్షణ తరగతుల్లో నేను అడుగుతుంటాను. కొలను ఆహార గొలుసు రాయమంటే అందరూ తడుముకోకుండా రాస్తారు. మీ ఊరి చెరువులో ఉండే నాలుగు చేపల పేర్లు చెప్పమంటే గది నిశ్శబ్దమవుతుంది. చెరువుల్ని పూడ్చి ప్లాట్లు వేస్తున్న కాలంలో ఇది చిన్న లోటు కాదు. పేరు తెలియని ప్రాణి పోయినా ఎవరికీ తెలియదు.

చూసే కన్ను ఉంటే ఈనాటికీ కొత్తవి దొరుకుతాయి. పడమటి కనుమల్లో ఏడాదిలో ఎక్కువ భాగం నేల లోపలే బతికి, తొలి వానలకు జత కట్టడానికి బయటికి వచ్చే ఊదారంగు కప్పను శాస్త్రలోకానికి కొత్త జాతిగా వర్ణించింది 2003లోనే.

మీరు చేయగల పనులు

మిత్రులారా, లోపలికి చూడటానికి ప్రాణం తీయనక్కరలేదు. ఇంట్లో చేపలు కడిగేటప్పుడు మొప్పల మూత ఎత్తి, ఒక్కో పక్కన ఎన్ని మొప్పలున్నాయో లెక్కించండి. కోడిమాంసం వండే ఇళ్లలో కందనకాయను కోసినప్పుడు లోపలి గట్టి పొరను, చిన్న రాళ్లను చూడండి. పళ్లు లేని పక్షి గింజలను ఎలా నూరుకుంటుందో తెలుస్తుంది. మాంసం ముట్టని ఇంట్లో మందార పువ్వు చాలు. అండాశయాన్ని అడ్డంగా కోసి గదులెన్నో చూడండి.

ఇక బయటికి. నాలుగు పుల్లలు, తాడుతో బడి ఆవరణలో ఒక మీటరు చదరం గుర్తించండి. అందులో ఎన్ని రకాల మొక్కలు, ఎన్ని రకాల పురుగులు ఉన్నాయో మే నెలలో ఒకసారి, ఆగస్టులో మరోసారి రాయండి. పేరు తెలియకపోతే బొమ్మ గీయండి, ఊళ్లో పెద్దవాళ్లను అడగండి. పశువుల కాపరికి, చేపలు పట్టే ఆయనకు మీ పుస్తకంలో లేని పేర్లు తెలుసు. తొలకరి పడిన రాత్రి మీ వీధి నుంచి ఎన్ని రకాల కప్పల అరుపులు వినిపిస్తాయో లెక్కించి, తేదీ వేసుకోండి. వచ్చే ఏడు మళ్లీ లెక్కించండి. రెండేళ్ల లెక్క పక్కపక్కన పెట్టిన రోజున, మీ వీధి కప్పల గురించి ఏ పాఠ్యపుస్తకంలోనూ లేని సంగతి ఒకటి మీ దగ్గర ఉంటుంది.