తెలియని మాట ఎదురైతే

ఇంగ్లండు బళ్ళలో ఇంగ్లీషు మాటలకే అర్థాలు చెప్పాల్సిన అవసరం 16వ శతాబ్దిలో వచ్చిపడింది. అంతకు ముందు బడి అంటే ప్రధానంగా లాటిన్ బడి. ఇంట్లో మాట్లాడే భాషను మళ్ళీ బడిలో నేర్పడమేమిటన్నది అప్పటి పెద్దల ధోరణి. అయితే లాటిన్, గ్రీకు, ఫ్రెంచి మాటలు పుస్తకాల వెంట గుంపులు గుంపులుగా ఇంగ్లీషులోకి వచ్చి చేరాక, చదవడం వచ్చినవాళ్ళకు కూడా సొంత భాషలోని పుస్తకం సగం సగమే అర్థమయ్యే పరిస్థితి ఏర్పడింది. బరీ సెయింట్ ఎడ్మండ్స్ బడి పంతులు ఎడ్మండ్ కూట్ 1596లో అచ్చువేసిన ‘ఇంగ్లిష్ స్కూల్‌మాస్టర్’ పుస్తకం చివర కష్టమైన మాటల పట్టిక చేర్చాడు. ఒక్కో మాట పక్కన ఒకటి రెండు తేలిక మాటలు, అంతే. ఓకమ్‌లో పంతులుగా పనిచేసిన రాబర్ట్ కాడ్రీ ఆ పట్టికను బాగా వాడుకుని, దాదాపు 2,500 మాటలతో 1604లో ‘టేబుల్ ఆల్ఫబెటికల్’ తెచ్చాడు. ఇంగ్లీషుకు ఇంగ్లీషులోనే అర్థం చెప్పిన మొదటి నిఘంటువుగా దానికి పేరు. అంటే ఆ భాషలో నిఘంటువు పుట్టింది పండితుల కోసం కాదు, దాని వెనక ఉన్నది బడి పుస్తకంలోని పట్టిక.

కూట్, కాడ్రీల పద్ధతి మన ప్రతిపదార్థం లాంటిదే. పంతులుకు తెలిసిన అర్థం పిల్లవాడికి చేరుతుంది, పిల్లవాడు దాన్ని వల్లిస్తాడు. ఆ మాటతో అతనికి అంతకు మించి పరిచయం ఉండదు. దీనికి తొలి గట్టి ప్రత్యామ్నాయం చూపినవాడు చెక్ దేశపు విద్యావేత్త కొమీనియస్. 1658లో నూరెంబర్గ్‌లో అచ్చయిన ఆయన బొమ్మల పుస్తకం ‘ఆర్బిస్ పిక్టస్’లో వడ్రంగి పని, వంటిల్లు, పొలం వంటి విషయాలకు ఒక్కోదానికి ఒక్కో బొమ్మ ఉంటుంది. బొమ్మలో ప్రతి వస్తువుకూ ఒక అంకె, కింద వాక్యంలో ఆ వస్తువు పేరు పక్కన అదే అంకె. అర్థాన్ని ఇంకో మాటతో చెప్పకుండా వస్తువునే చూపించడం ఇందులోని కిటుకు. మరుసటి ఏడే చార్లెస్ హూల్ దాన్ని ఇంగ్లీషులోకి తెచ్చాడు. బొమ్మకు అందే మాటల వరకు ఈ పద్ధతిని మించినది లేదు. ‘బాధ్యత’ లాంటి మాటకు బొమ్మ వేయలేరు కాబట్టి, పై తరగతులకు వెళ్ళేసరికి మళ్ళీ పట్టికలే దిక్కయ్యాయి.

అమెరికాలోనూ కథ అలాగే మొదలైంది. నోవా వెబ్‌స్టర్ 1783లో తెచ్చిన నీలి అట్ట స్పెల్లింగు పుస్తకం తరతరాల పిల్లలకు అక్షరక్రమం నేర్పింది. అర్థానికి అందులో చోటు తక్కువ. 1836 నుంచి వచ్చిన మగఫీ రీడర్లలో పాఠంతో పాటు మాటల అర్థాలు కూడా కనిపిస్తాయి. పిల్లలు గడగడా చదివేవారు, తల్లిదండ్రులు మురిసిపోయేవారు. మసాచుసెట్స్ విద్యాశాఖ కార్యదర్శి హొరేస్ మన్ 1838 నాటి నివేదికలో ఈ మురిపెం మీద నీళ్ళు చల్లాడు. బళ్ళలో చదువుతున్న పిల్లల్లో పన్నెండింట పదకొండు వంతులకు తాము చదివే మాటల అర్థం తెలియదని ఆయన లెక్క తేల్చాడు. ఆ లెక్కలో కొంత అతి ఉన్నా, చదవగలగడం వేరు, అర్థం కావడం వేరు అన్న సంగతి ప్రభుత్వ నివేదికలోకి ఎక్కింది.

మద్రాసు ప్రెసిడెన్సీ తెలుగు జిల్లాల్లో ఇంగ్లీషు చదువు వ్యాపించేనాటికి అర్థం చెప్పడానికి రెండో భాష ఒకటి అందుబాటులో ఉంది. సి.పి. బ్రౌన్ ఇంగ్లీషు-తెలుగు నిఘంటువు 1852లో వెలువడింది. తర్వాతి కాలంలో శంకరనారాయణ నిఘంటువు ఇంటింటి పుస్తకమైంది. తరగతిలో జరిగే తంతు తరాలు మారినా మారలేదు. మాస్టారు ఒక వాక్యం చదివి, అందులోని కష్టమైన మాటలు బోర్డు మీద ఎక్కిస్తారు. ఎదురుగా తెలుగు మాట రాస్తారు. పిల్లలు దాన్ని మీనింగ్స్ నోట్సులోకి దించుకుంటారు, మర్నాడు అప్పజెబుతారు. ఇందులో అప్పట్లో ఒక చిక్కు ఉండేది. బోర్డు మీద పడే తెలుగు గ్రాంథికం. ‘ఐల్’ అన్న ఇంగ్లీషు మాటకు ఎదురుగా ‘ద్వీపము’ అని పడితే, గోదావరి ఒడ్డున లంకలో పుట్టి పెరిగిన పిల్లవాడికి రెండూ తెలియని మాటలే అయ్యేవి. తెలియని మాటకు మరో తెలియని మాట జోడీ కట్టి, దాన్నే అర్థం అనేవారు.

ఈ చిక్కును పైకి లాగినవాడు ఒక ఇంగ్లీషు అధికారి కావడం విశేషం. 1907లో ఉత్తర కోస్తా జిల్లాలకు స్కూళ్ళ ఇన్‌స్పెక్టరుగా వచ్చిన జె.ఎ. యేట్స్, అప్పట్లో యూరప్‌లో కొత్తగా పేరు తెచ్చుకున్న డైరెక్ట్ మెథడ్ అభిమాని. మాతృభాషలోకి అనువాదం లేకుండా వస్తువు చూపించి, పని చేసి చూపించి, మాట్లాడించి పరభాష నేర్పాలనేది ఆ పద్ధతి. వ్యాకరణ పుస్తకం పేరుతో మన ఇళ్ళలో ‘రెన్ అండ్ మార్టిన్’గా స్థిరపడిన పి.సి. రెన్ కూడా భారతీయ పాఠశాలల్లో డైరెక్ట్ పద్ధతిని ప్రచారం చేసినవాడే. వాడుకలో ఉన్న భాషతో మొదలుపెట్టాలనే ఈ పద్ధతి తలకెక్కిన యేట్స్‌కు, జనం మాట్లాడే తెలుగు ఒకటి, బడి పుస్తకంలో తెలుగు మరొకటి ఎందుకయ్యాయో బోధపడలేదు. ఆ ప్రశ్న పర్లాకిమిడిలో గిడుగు రామమూర్తికి, విశాఖలో ఎ.వి.ఎన్. కాలేజీ ప్రిన్సిపాలు పి.టి. శ్రీనివాస అయ్యంగారుకు, విజయనగరంలో గురజాడకు చేరింది. వ్యావహారిక భాషోద్యమం అక్కడ రాజుకుంది. ఇంగ్లీషు నేర్పడానికి వచ్చిన పద్ధతి చివరికి తెలుగు బోధననే కదిలించింది. ఇంగ్లీషు తరగతుల్లో మాత్రం అది పెద్దగా నిలవలేదు. ధారాళంగా ఇంగ్లీషు మాట్లాడగల మాస్టార్లు ప్రతి ఊళ్ళో దొరకకపోవడమే అందుకు కారణం.

అసలు మలుపు ఢాకాలో వచ్చింది. 1912లో ఇండియన్ ఎడ్యుకేషనల్ సర్వీసులో చేరి, తర్వాత ఢాకా ఉపాధ్యాయ శిక్షణ కళాశాల ప్రిన్సిపాలుగా పనిచేసిన మైకేల్ వెస్ట్, బెంగాలీ పిల్లలు ఇంగ్లీషు ఎందుకు చదవలేకపోతున్నారో ఏళ్ళ తరబడి పరిశీలించాడు. ఆ పరిశీలన 1926లో ‘బైలింగ్వలిజం’ అన్న పెద్ద నివేదికగా వచ్చింది. ఎక్కువమంది పిల్లలు నాలుగైదేళ్ళలో బడి మానేస్తారు, మాట్లాడటం రాదు, రాయడం రాదు, చదవడమూ రాదు. పాలసీ మధ్యలో ఆపేసినా కొంత సొమ్ము చేతికొచ్చినట్టే, చదువు ఏ తరగతిలో ఆగినా ఎంతో కొంత మిగలాలని ఆయన వాదించాడు. బీమా భాషలోని ‘సరెండర్ వాల్యూ’ అన్న మాటనే అందుకు వాడాడు. మధ్యలో మానేసినవాడికి మిగలగలిగేది చదివే శక్తి ఒక్కటేనని ఆయన తీర్పు.

తర్వాత ఆయన వాడుకలో ఉన్న రీడర్లను పట్టుకుని మాటలు లెక్కపెట్టాడు. రెండు లోపాలు బయటపడ్డాయి. మొదటిది, అందులోని మాటలు చాలావరకు పాత సాహిత్యం నుంచి వచ్చినవి, ఎక్కడా వినపడనివి. ‘ఐల్’, ‘నాట్’, ‘ఎర్’ లాంటి మాటలు తీసేసి ఆ చోట ‘ఐలండ్’, ‘నథింగ్’, ‘బిఫోర్’ పెట్టాడు. రెండోది మరీ ముఖ్యమైనది. కొత్త మాటలు ఒకదాని మీద ఒకటి ఊపిరాడకుండా పడుతున్నాయి. ఒక మాట అలవాటయ్యేలోపే ఇంకో నాలుగు తగులుతున్నాయి. వెస్ట్ తన ‘న్యూ మెథడ్ రీడర్ల’లో కొత్త మాటను సుమారు 50 మాటలకు ఒకటి చొప్పున మాత్రమే రానిచ్చాడు. వచ్చిన మాట మళ్ళీ మళ్ళీ కనిపించేలా చూశాడు. అప్పుడు పిల్లవాడు ఆ ఒక్క మాట దగ్గర ఆగి, చుట్టూ ఉన్న 49 తెలిసిన మాటల ఆధారంతో దాని సంగతి తేల్చుకోగలడు. అర్థం చెప్పే భారాన్ని మాస్టారి నుంచి పుస్తకం మీదికి మార్చడమే వెస్ట్ చేసిన పని. పిల్లవాడి తెలివిని ఆయన తప్పుపట్టలేదు, పాఠం రాసినవాడిని తప్పుపట్టాడు.

నిఘంటువుకూ ఇదే సూత్రం వర్తింపజేశాడు. జేమ్స్ ఎండికాట్‌తో కలిసి 1935లో తెచ్చిన నిఘంటువులో దాదాపు 18,000 మాటలకు, 6,000 నుడికారాలకు కేవలం 1,490 తేలిక మాటలతో అర్థాలు రాశాడు. 1953లో ఆయన సంపాదకత్వంలో వచ్చిన ‘జనరల్ సర్వీస్ లిస్ట్’లో సుమారు 2,000 మాటలున్నాయి. 1978లో వచ్చిన లాంగ్‌మన్ నిఘంటువు అర్థాలన్నీ దాదాపు 2,000 మాటలతోనే చెప్పడం వెస్ట్ వేసిన దారే.

అదే కాలంలో అమెరికాలో ఎడ్వర్డ్ థార్న్‌డైక్ కూడా మాటలు లెక్కపెడుతున్నాడు. 1921లో ఉపాధ్యాయుల కోసం 10,000 మాటల పట్టిక, 1935లో పిల్లల నిఘంటువు వచ్చాయి. అర్థం చెప్పే మాట అసలు మాట కంటే తేలికగా ఉండాలని, దాన్ని వాడి చూపే వాక్యం పక్కనే ఉండాలని ఆయన పట్టుబట్టాడు. 1940లకల్లా సందర్భాన్ని బట్టి అర్థం ఊహించడం అమెరికా ప్రాథమిక తరగతుల్లో ప్రత్యేక పాఠాంశమైంది. ఎ.ఎస్. ఆర్ట్‌లీ 1943లో ఆ ఆధారాలను జాబితా కట్టాడు. వాక్యంలోనే వివరణ ఉండవచ్చు, పోలిక ఉండవచ్చు, వ్యతిరేకార్థం ఉండవచ్చు, బొమ్మో శీర్షికో సాయపడవచ్చు.

పిల్లలు నిజంగా అలా ఊహిస్తారా అన్నది తేల్చినవారు హైన్జ్ వెర్నర్, ఈడిత్ కప్లన్. 1950 ప్రాంతంలో వాళ్ళు ఎనిమిదిన్నర నుంచి పదమూడున్నర ఏళ్ళ పిల్లలకు పన్నెండు కల్పిత మాటలు ఇచ్చారు. ఒక్కో మాటకు ఆరు వాక్యాలు, ప్రతి వాక్యం తర్వాతా అర్థమేమిటని ప్రశ్న. అందులో ‘కార్‌ప్లమ్’ ఒకటి. అది ఆసరాకు పనికొస్తుంది. తెరిచి ఉన్న చోటును మూసెయ్యడానికి వాడవచ్చు. పొడుగో పొట్టో, లావో సన్నమో కావచ్చు. తడిస్తే మండదు. ఉప్పు కాగితంతో నున్నగా చేయవచ్చు. రంగులు వేసేవాడు దాంతో రంగు కలిపాడు. కర్ర అని పెద్దవాళ్ళు చివరికి పోల్చుకుంటారు. చిన్న పిల్లలు ఒక వాక్యంలో దొరికిన అర్థాన్ని పక్క వాక్యంతో సరిచూసుకోలేదు. చాలామంది వాక్యం మొత్తాన్ని ఆ మాట అర్థంగా తీసుకున్నారు. పది, పదకొండేళ్ళు దాటాక గాని ఆరు ఆధారాలను ఒక్కచోట పేర్చి చూసే నేర్పు నిలకడగా కనపడలేదు. మూడో తరగతి పిల్లవాణ్ణి ‘ఊహించు’ అనడం ఎంత పెద్ద పని చెప్పడమో దీన్ని బట్టి తెలుస్తుంది.

పోనీ నిఘంటువు చూసుకోమంటే? 1987లో జార్జ్ మిల్లర్, ప్యాట్రీషియా గిల్డియా రాసిన వ్యాసంలో అయిదు, ఆరు తరగతుల పిల్లలు నిఘంటువు చూసి రాసిన వాక్యాలున్నాయి. ‘ఎరోడ్’ అన్న మాటకు నిఘంటువులో ఇచ్చిన అర్థాల్లో ‘ఈట్ అవుట్’ ఒకటి. అది నేల కోత గురించి. ఒక పిల్ల దాన్ని హోటల్లో తినడంగా తీసుకుని, మా ఇంట్లోవాళ్ళం తరచూ ‘ఎరోడ్’ అవుతుంటామని రాసింది. తప్పు ఆ పిల్లది కాదు. అర్థాల్లోంచి తనకు తెలిసిన ముక్క ఏరుకుని వాక్యం కట్టింది.

సందర్భానికున్న బలం ఎంతో కూడా ఆ దశాబ్దంలోనే లెక్కకు వచ్చింది. ఇసబెల్ బెక్, మార్గరెట్ మెకౌన్, ఎల్లెన్ మెక్‌కాస్లిన్ 1983లో బడి రీడర్లలోని వాక్యాలను పరిశీలించి, అన్ని సందర్భాలూ ఒకటి కావని తేల్చారు. కొన్ని దారి చూపుతాయి, కొన్ని స్థూలంగా సూచిస్తాయి, కొన్ని ఏమీ చెప్పవు, కొన్ని తప్పుదారి పట్టిస్తాయి. 1984లో విలియం నేగీ, రిచర్డ్ ఆండర్సన్ అమెరికా బళ్ళలో 3 నుంచి 9 తరగతుల వరకు అచ్చులో ఎదురయ్యే మాటల కుటుంబాలు దాదాపు 88,500 అని అంచనా వేశారు. ఏ పంతులూ అన్నీ చెప్పలేడు. మరి చదువుతుంటే వాటంతట అవే వస్తాయా? నేగీ బృందం 1987లో 3, 5, 7 తరగతుల పిల్లలతో చేసిన పరిశీలనలో, తెలియని మాట ఒకసారి కంటపడితే అర్థం నిలిచే అవకాశం ఇరవైలో ఒకటి. ఒక్క వాక్యం దగ్గర కూర్చోబెట్టి ఊహించు ఊహించు అంటే పిల్లలకు వచ్చేది తక్కువ. చాలా చదివితే మాత్రం ఆ ఇరవయ్యో వంతులే కూడి ఏడాదికి పెద్ద మొత్తమవుతాయి.

మాట లోపలి ఆధారానికి ఫలితం ఇంకాస్త నికరం. 1989లో థామస్ వైట్ బృందం లెక్క ప్రకారం, బడి పుస్తకాల్లో ఉపసర్గ ఉన్న ఇంగ్లీషు మాటల్లో 58 శాతానికి ‘అన్’, ‘రీ’, ‘ఇన్’, ‘డిస్’ అనే నాలుగే కారణం. న్యాయం-అన్యాయం తెలిసిన తెలుగు పిల్లలకు ఈ కిటుకు త్వరగానే పట్టుబడుతుంది. అయితే ‘అంకుల్’ ముందు కనిపించే ‘యు’, ‘ఎన్’ అక్షరాలు ఉపసర్గ కాదని ముందే చెప్పాలి.

స్వతంత్ర భారతంలో ఇంగ్లీషు బోధనకు కేంద్రం హైదరాబాదయింది. 1958లో అక్కడ నెలకొల్పిన సెంట్రల్ ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ ఇంగ్లిష్, తర్వాత సీఫెల్, ఇప్పుడు ఇఫ్లూ. 1960లలో బళ్ళకు చేరిన స్ట్రక్చరల్ పద్ధతి వాక్య నమూనాలతో పాటు మాటలనూ మెట్లు మెట్లుగా కొలిచి ఇచ్చింది. పెన్ను చూపించి పెన్ను, కిటికీ తీసి కిటికీ. ఆ పద్ధతికి చప్పిడిదన్న చెడ్డ పేరు వచ్చింది గాని, తెలియని మాటలు కుప్పలుగా పోయకూడదన్న వెస్ట్ జాగ్రత్త అందులో ఉండేది. తర్వాతి పాఠ్యపుస్తకాలు కథలు, వ్యాసాలతో రుచిగా తయారై, ఆ జాగ్రత్తను కొంత వదులుకున్నాయి. లోటు పూడ్చడానికి పాఠం చివర గ్లాసరీ, బజారులో గైడు.

2000లో మార్సెల్లా హూ, పాల్ నేషన్ చేసిన ప్రయోగం ఇక్కడే అక్కరకొస్తుంది. ఇంగ్లీషు పరభాషగా నేర్చినవాళ్ళు ఒక కథను సాయం లేకుండా అర్థం చేసుకోవాలంటే అందులో దాదాపు 98 శాతం మాటలు ముందే తెలిసి ఉండాలని తేలింది. అంటే 50కి ఒకటి. ఢాకాలో వెస్ట్ పెట్టుకున్న హద్దు అదే. ఒకప్పుడు ఆరో తరగతిలో ఏబీసీడీలు దిద్దిన తెలుగు మీడియం బళ్ళలో ఇప్పుడు ఒకటో తరగతి నుంచే ఇంగ్లీషు ఉంది. మూడో తరగతి పుస్తకంలో వరుసకు రెండు తెలియని మాటలు తగిలే పిల్లవాడికి ఊహించే చిట్కాలు ఎన్ని నేర్పినా పనిచేయవు. అతనికి ముందుగా కావలసింది తేలిక ఇంగ్లీషులో రాసిన కథల పుస్తకాలు, అవీ ఒకటి రెండు కాదు, తరగతి గదిలో ఒక బీరువా నిండా.