సోఫీ కురిస్ - అమెరికా వనితల బేస్‌బాల్

ఆటలో గెలుపోటముల ఉత్సాహము ఆ సాయంత్రముతోనే చల్లారిపోతుంది. తరువాత మిగిలేది చిట్టాలో వ్రాసిన అంకె. ఆ అంకెను దాచేవారు లేకపోతే ఆడినవారి శ్రమ కూడ లేనట్లే అవుతుంది. అమెరికాలో సోఫీ కురిస్ అనే యువతి 1946లో బేస్‌బాల్ ఆటలో సాధించిన ఒక అంకె చాలకాలము అట్లే మరుగున పడియుండినది. ఆ అంకె 201.

దాని విలువ తెలియవలెనంటే ముందు ఆటను గురించి రెండు మాటలు చెప్పుకొనవలెను. బేస్‌బాల్ మనమెరిగిన క్రికెట్టుకు దూరపు బంధువు. క్రికెట్టులో రెండు కొసల మధ్య పరుగెత్తుతారు; ఇందులో చతురస్రము యొక్క నాలుగు మూలలను చుట్టి, బ్యాటు పట్టి నిలిచిన చోటికే తిరిగిరావలెను. అప్పుడే ఒక పరుగు. దారిలోని మూడు మూలలకు బేసులని పేరు. సాధారణముగా తన జట్టువారు బంతిని కొట్టినపుడు బేసు మీద ఉన్న మనిషి ముందుకు సాగుతుంది. కాని అంతవరకు ఆగక, ఎదుటి పక్షమువారు బంతి విసిరే అదను కనిపెట్టి, తరువాతి బేసుకు దూసుకొనిపోవచ్చును. ఎదుటివారు ఆ బంతిని అక్కడికి చేర్చి తాకించేలోపల తాను చేరితే బేసు తనది, లేకున్న అవుట్. దీనినే బేసు దొంగిలించుట అంటారు. చెడుగుడులో గీత దాటి పోయేవానికి ఎంత తెగువ, ఎంత కనిపెట్టు చూపు కావలెనో ఇక్కడను అంతే కావలెను.

రెండవ ప్రపంచ యుద్ధకాలములో అనేకులు ఆటగాండ్రు సైన్యములో చేరినారు. ఆట స్థలములు వెలవెలబోతాయేమోనన్న భయము పుట్టినది. షికాగో కబ్స్ జట్టు యజమాని, చూయింగ్ గమ్ వ్యాపారి అయిన ఫిలిప్ రిగ్లీ 1943లో స్త్రీలకై ఒక వృత్తి లీగును స్థాపించినాడు. రసీన్, కెనోషా, రాక్‌ఫర్డ్, సౌత్ బెండ్ పట్టణముల జట్లు నాలుగింటితో అది ఆరంభమైనది. వారమునకు 45 మొదలు 85 డాలర్ల వరకు జీతము. ఆనాటి ఆడపిల్లలకు అది మంచి రాబడి.

అయితే యజమానులు ఆటతోపాటు అందమును కూడ అమ్మదలచినారు. ఆటగత్తెలు మోకాళ్ళపై నిలిచే పొట్టి గౌనులు తొడిగి ఆడవలెను. బయట ప్యాంటులు ధరించరాదు. నడక, కూర్చొనే తీరు, ముఖాలంకరణ నేర్పుటకు తరగతులు పెట్టినారు. ప్రతి జట్టుకు ఒక సంరక్షకురాలు ఉండేది. వారు మగవారివలె ఆడవలెను, కాని అట్లు కనిపించరాదు! ఈ నియమముల భారమంతా చివరకు వారి దేహములపైననే పడినది.

సోఫీ 1925 మే 14న మిచిగన్ రాష్ట్రములో మోటారుకార్ల కర్మాగారములకు పేరుపొందిన ఫ్లింట్ పట్టణమున పుట్టినది. లీగు పుట్టిన 1943లోనే రసీన్ బెల్స్ జట్టులో చేరి రెండవ బేసు వద్ద నిలిచి ఆడినది. తొలి యేట 44 బేసులు దొంగిలించినది. మరుసటి యేడు 166, 1945లో 115, 1946లో 201. ఆ యేడు ఆమె ప్రయత్నించినది 203 మారులు. పట్టుబడినది రెండే మారులు.

బేసు చేరేటప్పుడు నేలమీద పడి జారుకొంటూ పోవుట ఈ విద్యలోని ముఖ్యాంశము. మగవారికి కాళ్ళను కప్పే దుస్తులుండేవి. గౌను తొడిగిన ఆటగత్తెకు తొడలే కవచము. మట్టిలో, గులకరాళ్ళలో చర్మము చెక్కుకొనిపోయేది. ఆ గాయము మానకముందే మరునాడు దానిమీదనే మరల జారవలసివచ్చేది. 201 అనే అంకెను ఈ గాయములతో కలిపి చదువవలెను.

ఆ యేటి చివరి పోటీలు రసీన్, రాక్‌ఫర్డ్ జట్ల మధ్య జరిగినవి. రసీన్ పేరు మనవారికి క్రొత్త కావచ్చును గాని, హార్లిక్స్ పేరు తెలియని తెలుగు ఇల్లు అరుదు. ఆ పానీయమును తయారుచేసిన హార్లిక్ సోదరుల కర్మాగారము ఆ ఊరిలోనే ఉండేది. ఆట స్థలము పేరు కూడ హార్లిక్ ఫీల్డు. అక్కడ సెప్టెంబరులో జరిగిన ఆరవ ఆటలో మామూలు తొమ్మిది ఇన్నింగ్సులు గడచినా ఎవరికిని ఒక్క పరుగు రాలేదు. రసీన్ పక్షమున జోఆన్ వింటర్ 14 ఇన్నింగ్సులు ఒంటరిగా బంతి విసిరినది. పదునాలుగవదానిలో సోఫీ బంతిని కొట్టి మొదటి బేసు చేరినది, రెండవదానిని దొంగిలించినది. మూడవదానికై పరుగు తీస్తుండగా బెట్టీ ట్రెజ్జా బంతిని కుడివైపునకు కొట్టినది. సోఫీ ఆగలేదు. మూడవ బేసు దాటి, జారుతూ గమ్యము చేరినది. ఆ ఒక్క పరుగుతో రసీన్ విజేత అయినది. లీగు అధ్యక్షుడైన మ్యాక్స్ కేరీ స్వయముగా పేరుమోసిన బేసుల దొంగ. తాను చూచిన ఆటలన్నిటిలోను ఇదే ఉత్తమమని అతడే మెచ్చుకొన్నాడు.

వనితల ఆటలో బేసుల నడుమ దూరము తక్కువ కదా అని ఎవరైన అనవచ్చును. నిజమే, మగవారికి 90 అడుగులుండగా అప్పుడు వీరికి 70 అడుగుల ప్రాంతములో ఉండేది. అందుచేత రెండు అంకెలను ఒకే త్రాసులో తూచుట న్యాయము కాదు. కాని ఆ పొట్టి దూరము లీగులో అందరికి ఒకటే. 203లో రెండే మారులు చిక్కిన నేర్పు దూరమువలన వచ్చినది కాదు.

1952 నాటికి ఆమె మొత్తము 1,114 బేసులు దొంగిలించినది. 1954తో లీగు మూతబడినది. టెలివిజన్ ఇండ్లలోనికి వచ్చి పురుషుల ఆటను చూపించుట, జట్ల నిర్వహణలో ఐక్యము చెడుట అందుకు కారణములు. ఆటగత్తెలు ఇతరోద్యోగములలో కుదిరినారు. 1980 తరువాత వారే ఒకరినొకరు వెదకికొని, ఉత్తరములు వ్రాసికొని, 1982లో షికాగోలో కలిసికొన్నారు. 1987లో సంఘముగా ఏర్పడినారు. 1988లో కూపర్స్‌టౌన్‌లోని బేస్‌బాల్ ప్రదర్శనశాల వారికొక స్థానమిచ్చినది. 1992లో వచ్చిన చలనచిత్రము ఆ లీగును ప్రపంచమునకు పరిచయము చేసినది. 1994లో రికీ హెండర్సన్ 1,114ను దాటినప్పుడు, దాటినది ఒక స్త్రీ అంకెను అని చెప్పగలుగుటకు ఆ చిట్టా దొరికియుండుటయే కారణము.

ఆ చిట్టాలో ఒక వెలితి కూడ ఉన్నది. లీగు నడిచిన 12 సంవత్సరములలోను నల్లజాతి స్త్రీలకు అందులో చోటియ్యలేదు. వారు ఎన్ని బేసులు దొంగిలించియుండేవారో లెక్క వ్రాసే అవకాశమే కలుగలేదు.

సోఫీ కురిస్ 2013 ఫిబ్రవరి 17న, 87 యేండ్ల వయసున అరిజోనాలోని స్కాట్స్‌డేల్‌లో కన్నుమూసినది. ఆమె తొడిగిన గౌను ఆనాటి వ్యాపారుల అభిరుచికి గుర్తు. దాని క్రింద చెక్కుకొనిపోయిన చర్మము మాత్రము ఆమె సొంత కష్టము. మన ఊళ్ళలో కూడ పాఠశాల ఆటస్థలములలో పరుగెత్తే ఆడపిల్లలు ఉన్నారు. వారు గెలిచిన రోజున చప్పట్లు కొట్టుటతోపాటు, ఆ గెలుపును తేదీ వేసి ఒక పుస్తకములో వ్రాసియుంచుట కూడ పెద్దల పని.