పరాయి ప్రోటీన్‌కి పొన్నూరు పొడి

బరువు తగ్గుదామని గుంటూరు జిల్లా పొన్నూరులో జనం ఈ పదేళ్లలో కొన్న ప్యాకెట్లలో చాలా భాగం నెల తిరక్కుండానే అటకెక్కాయి. చాక్లెట్ వాసన ప్రోటీన్ డబ్బాలు, వెనిల్లా ఓట్స్, నమిలితే దవడ నొప్పెట్టే బార్లు. అవే సరుకులు కొన్ని ఇళ్లలో మాత్రం రోజూ ఖర్చయ్యాయి. ఆ ఇళ్లవాళ్లు ఏం చేశారో నాకు తెలుసు. ఎందుకంటే కందిపొడి, నల్లకారం, కరివేపాకు పొడి పట్టుకెళ్లింది నా దగ్గర్నుంచే. పొన్నూరు పక్కనే నిడుబ్రోలులో పొడులు కొట్టి అమ్ముకోవడం నా వృత్తి. ఆహారశాస్త్రం బాపట్ల హోమ్ సైన్సు కాలేజీలో చదివాను. పొడి కొట్టడం మాత్రం మా అత్తగారి దగ్గర నేర్చుకున్నాను. ఈ రెండు చదువులతోనూ చూస్తే నాకు గట్టిగా అనిపించేది ఒకటే. ప్రోటీన్ పేరుతో బయటి నుంచి ఏ సరుకు ఈ ఊరికి వచ్చినా, దానికి నోటికెక్కే రుచి ఇచ్చింది ఇక్కడి పొడుల డబ్బాయే.

ముందు నేల సంగతి చెప్పాలి. 1855లో బెజవాడ దగ్గర కృష్ణకు ఆనకట్ట పూర్తయ్యాక పొన్నూరు చుట్టూ మాగాణి పెరిగింది. వరి ఒక్కటే అయితే ఈ కథ లేదు. వరి కోతకు కొద్ది రోజుల ముందు, ఇంకా నిలబడి ఉన్న చేలోనే మినుములు చల్లేవాళ్లు. కోత అయ్యేసరికి మొలకలు పైకొచ్చేవి. మళ్లీ దున్నకం లేదు, నీళ్లు పెట్టడం లేదు. నేలలో మిగిలిన పదును, శీతాకాలపు మంచు, అంతే. గుంటూరు పక్కన లాం పరిశోధన కేంద్రం వాళ్లు ఈ పద్ధతికి సరిపడే వంగడాలే తీశారు. 'కృష్ణయ్య' అని రైతులు పిలుచుకున్న ఎల్‌బీజీ-17 వాటిలో ఒకటి. అలా మా వైపు గాదెలో ధాన్యం పక్కనే మినుములుండేవి. పడమటికి పోతే పెదనందిపాడు, ప్రత్తిపాడు నల్లరేగడి మెట్ట. అక్కడి నుంచి కందులు, శనగలు, మిరపకాయలు వచ్చేవి. మాగాణి మినుమూ మెట్ట మిరపా ఒకే రోట్లో పడ్డాయి. మిరప పదహారో శతాబ్దంలో పోర్చుగీసు వాళ్ల ఓడల్లో ఈ దేశానికి చేరిన పంట; అంతకు ముందు ఆ ఘాటు మిరియానిది. వచ్చిన మిరపను ఈ జిల్లా ఎంతగా సొంతం చేసుకుందంటే, గుంటూరు సన్నానికి ఇప్పుడు భౌగోళిక గుర్తింపు కూడా ఉంది.

మా అత్తగారు కందిపొడికి దినుసులన్నీ ఒకేసారి మూకుడులో పోయనిచ్చేవారు కాదు. శనగపప్పు విడిగా, కందిపప్పు విడిగా, పెసరపప్పు విడిగా, సన్న సెగ మీద, నూనె చుక్క లేకుండా. కందిపప్పు గోధుమరంగు తిరిగే దాకా ఆగాలి. ఆ రంగు వచ్చేటప్పుడే పప్పులోని ప్రోటీనూ చక్కెరలూ వేడికి కలిసి కొత్త వాసనలు పుట్టిస్తాయని నాకు కాలేజీలో చెప్పారు. ఆమెకు ఆ రసాయనం పేరు అక్కర్లేకపోయింది. "ఇంకా పచ్చి వాసనేనమ్మా, ఆగు" అనేవారు. మిరపకాయలు తొడిమలతో వేయించి, దింపాక తుంచేవారు. జీలకర్ర చివర్న, పొయ్యి ఆర్పేశాక మిగిలిన వేడిలో. వెల్లుల్లి అసలు వేయించరు. పొడి అయిపోయాక రోట్లో పొట్టుతోనే వేసి రెండు పోట్లు. ఆ పొడి వేడన్నంలో నెయ్యితో కలిపితే పూట గడిచేది. వంద గ్రాముల కందిపప్పులో దాదాపు 22 గ్రాములు, మినప్పప్పులో 23 గ్రాములు ప్రోటీన్ ఉంటుంది. బియ్యంలో తక్కువగా ఉండే లైసిన్‌ని పప్పు ఇస్తుంది, పప్పులో తక్కువగా ఉండే మిథియోనిన్‌ని బియ్యం ఇస్తుంది. కూనూరులో పనిచేసిన పోషకాహార శాస్త్రవేత్త ఐక్రాయిడ్ 1937లో భారతీయ ఆహార విలువల పట్టిక వేసేనాటికే ఈ జోడీ మా కంచాల్లో చాలాకాలంగా ఉంది.

బయటి ప్రోటీన్ ఈ దేశానికి ప్యాకెట్‌గా రావడం రెండో ప్రపంచ యుద్ధం తర్వాతి మాట. లాస్ ఏంజిలిస్‌లో క్లిఫర్డ్ క్లింటన్ అనే హోటలు యజమాని ఆకలితో ఉన్నవాళ్లకు కొద్ది సెంట్లలో పూట గడిచే పొడి కావాలన్నాడు. కాల్‌టెక్ శాస్త్రవేత్త హెన్రీ బోర్సూక్ సోయాతో దాన్ని తయారు చేశాడు. 1946లో 'మీల్స్ ఫర్ మిలియన్స్' సంస్థ పుట్టింది. మనకప్పుడు సోయా పెద్దగా లేదు, వేరుశనగ ఉంది. మైసూరులో 1950లో మొదలైన కేంద్ర ఆహార సాంకేతిక పరిశోధన సంస్థ నూనె తీసిన వేరుశనగ పిండి మూడు పాళ్లు, శనగపిండి ఒక పాలు కలిపి, విటమిన్లు చేర్చి 'ఇండియన్ మల్టీపర్పస్ ఫుడ్' చేసింది. అందులో నూటికి 40 పాళ్లకు పైగా ప్రోటీనే. ఆ పాళ్లు చూడగానే మా వైపు ఆడవాళ్లెవరికైనా పల్లీల పొడి గుర్తొస్తుంది. మిరపకాయ, వెల్లుల్లి, ఉప్పు లేవు, అంతే తేడా.

తర్వాతి వంతు బడి ఉప్మాది. అమెరికా సాయంగా కేర్ సంస్థ ద్వారా గోధుమ నూక, పాలపొడి, మొక్కజొన్న–సోయా పిండి ఆంధ్ర బళ్లకు వచ్చేవి. మా బళ్లో వండే ఆయా ఆ పిండిని వట్టిగా ఉడికించి పెట్టిన రోజున పిల్లలు సగం వదిలేసేవాళ్లు. ఎండుమిరపకాయ, కరివేపాకు తిరగమోత వేసిన రోజున గిన్నె అడుగు కనబడేది. కొందరం ఇంటి నుంచి కాగితంలో కారప్పొడి పొట్లం కట్టుకుని వెళ్లేవాళ్లం. ప్రోటీన్ సరుకు మీద పొడి జల్లుకోవడం నేను మొదట నేర్చింది అక్కడే.

ఆ రోజుల్లో ప్రపంచమంతా 'ప్రోటీన్ లోటు' అని కంగారు పడుతోంది. దాన్ని నిలదీసినవాళ్లలో ముందున్నది హైదరాబాదు జాతీయ పోషకాహార సంస్థ. ఆ సంస్థ 1958లో కూనూరు నుంచి హైదరాబాదుకు తరలి వచ్చింది. అక్కడ సి.గోపాలన్ బృందం పల్లె పిల్లలకు అదనపు తిండి పెట్టి చూసి, 1973లో ఫలితాలు ప్రచురించింది. ఆ పిల్లలకు అసలు కొరత కేలరీలది. కడుపు నిండా తింటే, తినే మామూలు తిండిలోంచే ప్రోటీన్ చాలావరకు అందుతుంది. ఆ సంస్థ పేరుమీదుగా వచ్చిన 'హైదరాబాద్ మిక్స్' ఈ ఆలోచనకు తగ్గట్టే ఉంటుంది: వేయించిన గోధుమలు 40 గ్రాములు, శనగపప్పు 16, వేరుశనగ 10, బెల్లమో చక్కెరో 20. మొత్తం 86 గ్రాములకు 330 కేలరీలు, 11 గ్రాముల ప్రోటీన్. బక్కచిక్కిన పిల్లకు ఆ బెల్లం ప్రాణం పోస్తుంది. 1975 అక్టోబరు 2న సమగ్ర శిశు అభివృద్ధి సేవల పథకం (ఐసీడీఎస్) మొదలై అంగన్‌వాడీలు వచ్చాక ప్యాకెట్ పోషకాహారం అంటే తియ్యటి పిండి అనే అలవాటు స్థిరపడింది.

నా అభిప్రాయంలో చిక్కంతా ఇక్కడే ఉంది. ప్యాకెట్ ప్రోటీన్‌కి మొదట తియ్యదనం పెట్టింది బక్కపిల్లల కోసం, మంచం పట్టినవాళ్ల కోసం. బరువు తగ్గాలనుకునే నలభై ఐదేళ్ల మనిషికి కావలసింది దానికి పూర్తిగా తిరగబడిన లెక్క: కేలరీలు తగ్గాలి, ప్రోటీన్ నిలవాలి. అయినా డబ్బాల రుచి మాత్రం అదే దారిలో నడిచింది. చక్కెర తీసేసి దాని స్థానంలో కృత్రిమ తీపి పెట్టారు. పొద్దున్నే ఇడ్లీలోకి అల్లం పచ్చడి, మధ్యాహ్నం గోంగూర తిన్న నాలుకకు భోజనం బదులు వెనిల్లా పాలు తాగమంటే ఎన్నాళ్లు తాగుతుంది? తాగలేకపోయినవాళ్లని మనసు గట్టిది కాదని నిందించడం అన్యాయం.

ఈ విషయంలో మీల్ మేకర్ అనే సోయా గుళ్ల చరిత్ర మంచి సాక్ష్యం. అమెరికా ఇల్లినాయి విశ్వవిద్యాలయం తోడ్పాటుతో 1960లలో పంత్‌నగర్, జబల్‌పూర్‌లలో సోయా సాగు మీద పరిశోధనలు సాగాయి. తర్వాత మధ్యప్రదేశ్ సోయాకి పుట్టిల్లయింది. నూనె తీశాక మిగిలిన పిండిని వేడి, ఒత్తిడి పెట్టి సన్నని రంధ్రం గుండా తోస్తే అది ఉబ్బి గుళ్లవుతుంది. వంద గ్రాములకు 52 గ్రాములు ప్రోటీన్, కొవ్వు దాదాపు లేదు. అవి మా కిరాణా కొట్లకు వచ్చినప్పుడు బరువు తగ్గడానికని ఎవరూ కొనలేదు. కార్తీక మాసంలో మాంసం మానేసిన ఇళ్లలో మసాలా కూరకు, పలావుకు కొన్నారు. హాస్టళ్లలో కొన్నారు.

దాని ఇబ్బంది వాసన. సోయా గింజ నలగ్గానే అందులోని ఒక ఎంజైమ్ నూనె మీద పనిచేసి పచ్చి చిక్కుడు వాసన పుట్టిస్తుంది. నూనె తీసినా ఆ వాసన కొంత పిండిని పట్టుకునే ఉంటుంది. మా వీధి ఆడవాళ్లు దీనికి ఒక పద్ధతి కుదుర్చుకున్నారు. ఉప్పేసిన నీళ్లలో మరిగించి, చన్నీళ్లలో వేసి, గట్టిగా పిండి, ఆ నీళ్లు పారబోసి మళ్లీ పిండడం. రెండోసారి పిండిన నీళ్లు తేటగా వస్తే చాలు. పిండిన గుల్ల ఏ రుచినైనా లోపలికి పీల్చుకుంటుంది. అప్పుడు వెల్లుల్లి కారంలో చింతపండు పులుసు కొంచెం కలిపి పట్టిస్తారు. పొడి కారం పైన జల్లితే పైనే ఉండిపోతుంది, లోపల చప్పగా మిగులుతుంది. పులుసే దాన్ని లోపలికి తీసుకుపోతుంది. నేను చదివిన పుస్తకాల్లో ఈ మాట ఎక్కడా లేదు. ఇది మా వీధి కనిపెట్టింది.

2017–18 నాటికి పెద్ద మార్పు వచ్చింది. విజయవాడ వీరమాచనేని రామకృష్ణ చెప్పిన ఆహార పద్ధతి తెలుగు నాట ఇంటింటా చర్చయింది: రోజుకు 70 నుంచి 100 గ్రాముల కొబ్బరినూనె లాంటి కొవ్వు, నిమ్మకాయలు, నాలుగు లీటర్ల నీళ్లు, విటమిన్ బిళ్లలు, అన్నం మాత్రం బంద్. దాని మంచిచెడ్డల మీద వైద్యులు గట్టిగానే వాదించారు, ఆ తగువులోకి నేను పోను. నా వృత్తికి సంబంధించినంత వరకు అప్పుడు జరిగింది చిన్న విషయం కాదు. పొడి పుట్టిందే అన్నంలోకి. అన్నమే లేకపోతే పొడి ఎందులో కలపాలి? జనం కోడిగుడ్డు మీద, పనీరు మీద, మీల్ మేకర్ మీద జల్లుకోవడం మొదలుపెట్టారు. అన్నానికి సరిపడా వేసిన ఉప్పూ కారం గుడ్డు మీద ఎక్కువయ్యాయి. దాంతో నేను పాళ్లు మార్చాను. ఉప్పు తగ్గించి, ఆ లోటు ఎండబెట్టిన నిమ్మతొక్క, కరివేపాకు, వేయించిన ధనియాలతో పూడ్చాను. నువ్వుల్లో సగం నూనే, పల్లీల్లో సగానికి కాస్త తక్కువ. అందుకని బరువు తగ్గేవాళ్లకు ఆ పొడులు తక్కువ వాడమని చెప్పి పుట్నాలు, కంది, ఉలవలతో కొట్టిచ్చాను. నెయ్యి లేకుండా పొడి గొంతు పట్టుకుంటుంది. పుల్లటి పెరుగు ఒక చెంచా కలిపితే ఆ బాధ తీరుతుంది.

పాల విరుగుడు నుంచి తీసే వే ప్రోటీన్ చివరికొచ్చిన చుట్టం. దీన్ని వేడి చారులో కలిపి ముద్దలు కట్టిందని వాపోయినవాళ్లు చాలామంది. 70 డిగ్రీలు దాటిన వేడిలో ఆ ప్రోటీన్ గడ్డకడుతుంది, అది దాని స్వభావం. చల్లటి మజ్జిగలో అయితే ఒదిగిపోతుంది. రుచి వేయని రకం కొనుక్కుని, పలచటి మజ్జిగలో కలిపి, దంచిన అల్లం, పచ్చిమిర్చి, కరివేపాకు, చిటికెడు వేయించిన జీలకర్ర పొడి వేసుకోమంటాను. పులుపు మరీ ఎక్కువైతే నోరు పిడచకట్టుకుపోతుంది. పుల్లటి ద్రవంలో వే ప్రోటీన్ లాలాజలంతో కలిసి అలా చేస్తుంది. అందుకే ఆ రోజు తోడుకున్న పెరుగు మజ్జిగే వాడాలి. ఓట్స్‌కి పాలు, తేనె మానేసి మినప్పప్పు, ఎండుమిరప తిరగమోత పెట్టి, దింపాక నల్లకారం వేస్తే, మా ఊరి మగవాళ్లు కూడా మారు అడుగుతారు.

ఎంత తినాలన్నదీ చెప్పాలి, ఎందుకంటే డబ్బా మీద రాసింది చూసి కొందరు రెండింతలు తింటున్నారు. జాతీయ పోషకాహార సంస్థ 2020 లెక్కల ప్రకారం పెద్దవాళ్లకు కిలో బరువుకు రోజుకు 0.83 గ్రాములు. 60 కిలోల మనిషికి సుమారు 50 గ్రాములు. 2024లో అదే సంస్థ ఇచ్చిన ఆహార సూచనల్లో కండ పెంచుకోవడానికి ప్రోటీన్ పొడులు వాడొద్దనే చెప్పింది. మూత్రపిండాల జబ్బు ఉన్నవాళ్లు నా దగ్గరికి కాదు, ముందు డాక్టరు దగ్గరికి వెళ్లాలి. మిగతావాళ్లకు నేను చెప్పేది, డబ్బా అనుబంధంగానే ఉండనివ్వండి, గుడ్డు, పెరుగు, పప్పు ముందుండనివ్వండి అని. చెంచాడు కందిపొడిలో ఉండేది రెండు గ్రాముల ప్రోటీనే. దాని పని తక్కిన ప్రోటీన్‌నంతా రుచిగా లోపలికి పంపడం.

నాకున్న దిగులు ఆ పొడి దినుసుల గురించే. పల్లాకు తెగులు, బంగారు తీగ మినుము చేలను పాడు చేశాక డెల్టా రైతు చాలాచోట్ల వరి తర్వాత మొక్కజొన్నకు మళ్లాడు. దున్నకుండానే వేస్తాడు, దిగుబడి బాగా వస్తుంది, అతన్ని తప్పుపట్టలేం. కానీ గుంటూరు కొట్లో నేను కొనే మినుముల్లో మయన్మార్ నుంచి దిగుమతైనవి కూడా ఉంటున్నాయి. వేయించేటప్పుడు తేడా తెలుస్తుంది. గింజ సైజు ఒకలా ఉండదు, కొన్ని మాడే సరికి కొన్ని ఇంకా పచ్చిగానే ఉంటాయి. లాం వాళ్లు పల్లాకు తెగులును తట్టుకునే వంగడాలు తెస్తూనే ఉన్నారు. చేబ్రోలు వైపు ఇద్దరు ముగ్గురు రైతులు మళ్లీ కొన్ని ఎకరాల్లో మినుము చల్లుతున్నారు. పంట వస్తే కల్లం దగ్గరే కొంటానని, కొట్టు ధర కన్నా తగ్గించి అడగనని వాళ్లతో చెప్పాను.