నునుపు బాటకు కొలత

హైదరాబాదుకు పడమట, మాదాపూరు రాతి గుట్టల నడుమ, 1998 నవంబరు 22న ప్రధానమంత్రి వాజపేయి సైబర్ టవర్స్ భవనాన్ని ప్రారంభించారు. తరువాత ఆ గుట్టల మీద గచ్చిబౌలి దాకా తారు రోడ్లు అల్లుకున్నాయి. రోడ్డు నున్నగా ఉండాలని అందరూ కోరుతారు. కాని ఆ నునుపును కొలవటం ఎట్లా?

పూర్వం ఇంజనీర్లు 3 మీటర్ల తిన్నని బద్దను రోడ్డుపై ఉంచి, దాని కింద కనబడే సందును కొలిచేవారు. 1958–60 సంవత్సరాలలో అమెరికాలోని ఇల్లినాయిలో గొప్ప రోడ్డు పరీక్ష జరిగింది. అప్పుడు కొందరిని రోడ్లపై తిప్పి, 0 నుండి 5 వరకు మార్కులు వేయమన్నారు. ఆ మార్కులు ముఖ్యంగా ఎగుడుదిగుడులను బట్టే పడినవని తేలింది. 1982లో ప్రపంచ బ్యాంకు బ్రెజిల్‌లో జరిపించిన ప్రయోగాల ఫలితంగా అంతర్జాతీయ సూచిక ఒకటి ఏర్పడింది. మన దేశంలో ఒంటిచక్రపు బండిని గంటకు 32 కిలోమీటర్ల వేగంతో లాగించి, చక్రం ఎగిరిన ఎత్తులన్నీ కూడుతారు. మేలురకం తారు రోడ్డుపై కిలోమీటరుకు 2000 మిల్లీమీటర్ల లోపు వస్తే మంచి రోడ్డు. 3000 దాటితే చెడ్డది.

హైదరాబాదు నగరపాలక సంస్థ 2020 ప్రాంతంలో 709 కిలోమీటర్ల ముఖ్యమైన రోడ్ల నిర్వహణను ఐదేండ్లకు గుత్తేదారులకు అప్పగించింది. పాత రోడ్డుపై కొత్త పొర వేయటం అందులో పెద్ద పని. అయితే కొత్త పొర వేసినంత మాత్రాన గతుకులన్నీ పోవు. గుంట ఉన్న చోట తారు కంకర మందంగా పడుతుంది. మందమైన చోట రోలరు కింద ఎక్కువగా అణుగుతుంది. దోసెడు అటుకులకన్న బుట్టెడు అటుకులు ఎక్కువగా అణిగినట్లే ఇదీను! కనుక పాత గుంట నీడవలె మళ్లీ పైకి తేలుతుంది. అందుకే ముందుగా గుంటలు పూడ్చటమో, పాత పొరను యంత్రంతో గీకివేయటమో అవసరం.

గీకకుండా పొరపై పొర వేసుకుంటూ పోతే రోడ్డు ఎత్తు పెరిగి, మ్యాన్‌హోల్ మూతలు గోతులవుతాయి. ఇండ్ల గడపలు పల్లమవుతాయి. వాననీరు పోవు దారి తప్పి, నిలిచిన చోట కంకర నుండి తారు ఊడుతుంది. ఆ గతుకుపై ఎగిరిన బస్సు చక్రం మరింత బరువుతో పడి, ముందు మరొక గతుకును తవ్వుతుంది. గతుకే గతుకును కంటుందన్న మాట.

కనుక నునుపు ప్రయాణికుని సుఖానికి మాత్రమే కాదు, రోడ్డు ఆయుష్షుకు కూడ ఆధారం.