పరికల్పన పరీక్ష

ఒక మాటకు దొరికిన ఆధారం కాకతాళీయంగా కుదిరినదే కావచ్చా అన్నది లెక్క వేసి చూసే పద్ధతి పరికల్పన పరీక్ష. సాంఖ్యక శాస్త్రంలో దీనికి మూడు వందల ఏళ్ల చరిత్ర ఉంది.

పిల్లలకు దీన్ని వంటింట్లోనే చూపవచ్చు. వికారాబాద్ జిల్లాలో బషీరాబాద్ పక్కనున్న తాండూరు ప్రాంతం నల్లరేగడి నేలల కందికి పేరు పడింది. 2022లో ఆ కందికి భౌగోళిక గుర్తింపు దక్కింది. తాండూరు పప్పేదో రుచి చూసి చెప్పగలనని ఒక అవ్వ అన్నదనుకుందాం. ఒకే తీరుగా వండిన పప్పును ఎనిమిది గిన్నెల్లో పెట్టాలి: నాలుగింట తాండూరుది, నాలుగింట వేరే ఊరిది. వరుసను చీటీలు తీసి నిర్ణయించాలి. అవ్వ నాలుగు తాండూరు గిన్నెలను ఏరాలి.

అవ్వకు తేడా తెలియదని, ఊరికే ఏరుతోందని ముందు అనుకోవాలి. ఈ ఊహ పేరు శూన్య పరికల్పన. ఎనిమిదింటిలో నాలుగింటిని 70 రకాలుగా ఏరవచ్చు. పూర్తిగా సరైనది ఒక్కటే. అంటే నాలుగూ అదృష్టం కొద్దీ తగిలే అవకాశం నూటికి ఒకటిన్నర కూడా లేదు. అవ్వ నాలుగూ ఏరితే మొదటి ఊహను వదిలేయడమే సబబు. మూడే సరిపోతే? మూడు గానీ నాలుగు గానీ సరిపోయే ఏరికలు 17. ఊరికే ఏరినా నూటికి 24 సార్లు అంత పని జరుగుతుంది. అయినా అవ్వ మాట అబద్ధమని తేలినట్టు కాదు, రుజువు చాలలేదంతే. పెద్దలు సైతం తరచూ మరిచే తేడా ఇది. ఎన్ని సరిపోతే ఒప్పుకోవాలో గిన్నెలు పెట్టకముందే నిర్ణయించుకోవాలి.

ఈ ఆలోచనకు తొలి ఉదాహరణల్లో ఒకటి 1710 నాటిది. లండన్‌లో వరుసగా 82 ఏళ్లు ఆడపిల్లల కంటే మగపిల్లల బాప్తిస్మాలే ఎక్కువని జాన్ ఆర్బత్‌నాట్ గమనించాడు. ఏటా అది బొమ్మా బొరుసూ లాంటిదే అయితే 82 సార్లూ ఒకే వైపు పడడం దాదాపు అసాధ్యం. దైవసంకల్పమే కారణమని ఆయన తేల్చాడు. లెక్క మాత్రం అదృష్టం కాదన్నంత వరకే చెబుతుంది, కారణం చెప్పదు.

1900లో కార్ల్ పియర్సన్, లెక్కకు వచ్చిన సంఖ్యలు ఊహతో ఎంత పొసగుతాయో చూసే కై-వర్గ పరీక్షను, 1908లో గిన్నెస్ బీరు కంపెనీ ఉద్యోగి విలియం గాసెట్ 'స్టూడెంట్' అన్న మారుపేరుతో చిన్న నమూనాల పద్ధతిని ఇచ్చారు. ఇంగ్లండ్‌లోని రోథమ్‌స్టెడ్ వ్యవసాయ పరిశోధన కేంద్రంలో పనిచేసిన రోనాల్డ్ ఫిషర్, పంట మళ్లలో దిగుబడి తేడా ఎరువు వల్లనా, నేల వల్లనా అన్న చిక్కుతో కుస్తీ పట్టాడు. 1935 నాటి ఆయన పుస్తకంలో ఎనిమిది టీ కప్పుల ప్రయోగం ఉంది. పాలు ముందు పోశారో టీ ముందు పోశారో ఒక మహిళ చెప్పాలి. పై పప్పు గిన్నెల లెక్క అదే. 1933లో జెర్జీ నేమన్, ఈగన్ పియర్సన్ తప్పులు రెండు రకాలని చూపారు: లేని తేడాను ఉందనుకోవడం, ఉన్న తేడాను పట్టుకోలేకపోవడం.

ఆంధ్ర విశ్వవిద్యాలయంలో గణితం చదివిన తెలుగువాడు సి.ఆర్.రావు (1920–2023) కేంబ్రిడ్జిలో ఫిషర్ దగ్గర పరిశోధన చేశారు. 1948లో ఆయన ప్రతిపాదించిన స్కోర్ పరీక్షలో శూన్య పరికల్పన నిజమనుకుని అంచనాలు కడితే చాలు, తేడా ఉందనే ప్రత్యామ్నాయ పరికల్పనకు విడిగా కట్టనక్కరలేదు. అర్థశాస్త్రవేత్తలు దీన్నే లగ్రాంజ్ గుణక పరీక్ష పేరుతో వాడుతున్నారు.