హార్డ్ డిస్కు మార్పిడి: చరిత్ర

నిండిపోయిన హార్డ్ డిస్కును తీసేసి అంతకన్నా పెద్దది బిగించడం అన్న పనికి రెండు పాయల చరిత్ర ఉంది. పెద్ద డిస్కులు తయారుకావడం ఒకటి, వాటిని కంప్యూటరు గుర్తించగలగడం రెండోది. జనాన్ని ఎక్కువగా సతాయించింది ఈ రెండోదే.

1956లో ఐబీఎం రామాక్ కంప్యూటరుతో వచ్చిన తొలి డిస్కు యంత్రంలో 24 అంగుళాల పళ్లాలు 50 ఉండేవి. అన్నీ కలిపి 50 లక్షల అక్షరాలు పట్టేవి. 1962 నాటి ఐబీఎం 1311లో పళ్లాల దొంతరను ఊడదీసి మరొకటి పెట్టుకునే వీలు కలిగింది. చిన్న కంప్యూటర్లకు 1980లో సీగేట్ 5 మెగాబైట్ల డిస్కు తెచ్చింది. 1983లో ఐబీఎం పీసీ ఎక్స్‌టీ 10 మెగాబైట్లతో వచ్చింది.

అక్కడినుంచి ఒకదాని వెంట ఒకటి అడ్డుగోడలే. మొదటి గోడ 32 మెగాబైట్లు. డాస్ ఆపరేటింగ్ సిస్టం తొలి వెర్షన్లలో ఒక్కో విభాగం అంతకు మించకూడదు కాబట్టి పెద్ద డిస్కును సీ, డీ, ఈ అంటూ ముక్కలు చేసుకోవాల్సి వచ్చేది. 1990ల తొలినాళ్లలో తగిలిన 528 మెగాబైట్ల గోడ మరీ అన్యాయమైనది. కంప్యూటరును మేల్కొలిపే బయోస్ తనంతట తాను 8.4 గిగాబైట్లు, డిస్కును కలిపే ఐడీఈ పద్ధతి 137 గిగాబైట్లు లెక్కపెట్టగలిగేవి. కానీ డిస్కులో చోటును గుర్తించే మూడు అంకెల్లో బయోస్ సిలిండర్లను 1024 దగ్గర, సెక్టార్లను 63 దగ్గర ఆపేది, ఐడీఈ హెడ్లను 16 దగ్గర ఆపేది. రెండూ ఒప్పుకునే అంకెలనే గుణించి, ఒక్కో సెక్టారులో పట్టే బైట్లతో లెక్కిస్తే మిగిలేది 52,84,82,304 బైట్లు. డబ్బు పోసి కొన్న డిస్కులో మిగతా భాగం కంటికి కనిపించేది కాదు. కొత్త బయోస్ లేనివాళ్లు ఆన్‌ట్రాక్ డిస్క్ మేనేజర్ లాంటి సాఫ్ట్‌వేర్‌ను డిస్కు మొదట్లో ఎక్కించి గట్టెక్కేవారు. ఆ తర్వాత 8.4 గిగాబైట్ల గోడా, 2002 ప్రాంతంలో 137 గిగాబైట్ల గోడా కూలాయి. 2010లో 3 టెరాబైట్ల డిస్కులు రాగానే పాత ఎంబీఆర్ విభజన పట్టిక చాలక, దాని స్థానంలో జీపీటీ పట్టిక తప్పనిసరైంది.

పాత డిస్కులోని సరుకు కొత్తదానికి చేర్చడం మరో తలనొప్పి. ఫైళ్లు కాపీ చేసినంత మాత్రాన కంప్యూటరు బూట్ కాదు, విండోస్ మళ్లీ ఎక్కించాల్సిందే. 1990ల నడుమ న్యూజిలాండ్‌లో పుట్టిన ఘోస్ట్ అనే సాఫ్ట్‌వేర్ ఆ బాధ తీర్చింది. రెండు డిస్కులనూ ఒకే రిబ్బన్ కేబుల్‌కు తగిలించి, జంపర్లతో ఒకదాన్ని మాస్టర్‌గా, మరోదాన్ని స్లేవ్‌గా పెట్టి క్లోన్ చేసేవారు. 1998లో ఘోస్ట్‌ను సిమాంటెక్ కొనుక్కుంది. యూనిక్స్ వాళ్ల డీడీ కమాండు డిస్కును ఉన్నదున్నట్టు దించుతుంది, కానీ అదనపు చోటు ఖాళీగానే పడి ఉంటుంది. విభాగాన్ని విడిగా పెంచుకోవాలి.

సర్వర్ల తీరు వేరు. 1988లో బర్క్‌లీ పరిశోధకులు ప్యాటర్సన్, గిబ్సన్, కాట్జ్ వివరించిన, పలు డిస్కులను ఒకటిగా వాడే రెయిడ్ పద్ధతి వల్ల మెషీన్ ఆపకుండానే ఒక్కో డిస్కును మార్చుతూ, ప్రతిసారీ కొత్త డిస్కులోకి డేటా రీబిల్డ్ అయ్యేదాకా ఆగుతూ పోవచ్చు. ఆఖరి డిస్కు కూడా మారాకే కొత్త చోటు చేతికొస్తుంది. డిస్కులు టెరాబైట్లకు పెరిగేసరికి ఒక్కో రీబిల్డ్‌కు గంటలు దాటి రోజులు పట్టసాగింది. రెయిడ్-5లో ఆలోగా ఇంకో డిస్కు పాడైతే మొత్తం డేటా గల్లంతే. అందుకే పెద్ద డిస్కులకు, రెండు పాడైనా తట్టుకునే రెయిడ్-6నే ఎంచుకుంటున్నారు.