తన ప్రాణము తీసికొన్నవానికి సమాధుల తోటలో చోటున్నదా?



1323లో ఓరుగల్లు కోట ఢిల్లీ సైన్యముల వశమాయెను. చెరపట్టబడిన ప్రతాపరుద్ర మహారాజు ఢిల్లీకి పోవు దారిలో నర్మదా తీరమున మరణించెనని విలస తామ్రశాసనము చెప్పుచున్నది. 1423 నాటి కలువచేరు శాసనమో, ఆయన తన యిచ్ఛచేతనే దేవలోకమునకు వెళ్లెనని చెప్పుచున్నది. అది ఆత్మహత్యయే అయియుండునని కొందరు చరిత్రకారుల తలంపు. ఆ శాసనములో నింద ఏమియు లేదు.

ఆ ఓరుగల్లు సీమలోనే 1997-98లో ప్రత్తి రైతులు అనేకులు ప్రాణములు తీసికొనిరి. చెల్పూర్ అప్పటికి వరంగల్లు జిల్లాలోనిదే. ఆ యేట పురుగు పడి పైరు పోయెను. కొట్టిన మందులలో కల్తీవియు ఉండెను. అప్పు మాత్రము నిలిచెను. రాజు మరణమునకు శాసనము వ్రాసిరి, రైతు మరణమునకు పోలీసువారు కాగితము వ్రాసిరి. మన సంఘములలోనైతే ఇట్టి మరణము జరిగినప్పుడు వేరొక ప్రశ్న లేచుచుండును: "అయ్యగారూ, వానిని మన సమాధుల తోటలో పెట్టవచ్చునా?"

ఈ ప్రశ్న వేదములోనుండి వచ్చినది కాదు. అది ఎక్కడిదో చూడుడి.

410లో శత్రువులు రోమా నగరమును దోచినప్పుడు అనేక స్త్రీలు చెరచబడిరి. మానము పోయినందుకు ప్రాణము విడిచిన లుక్రేషియాను రోమీయులు తరతరములుగా పొగడుచుండిరి గనుక, బ్రదికియున్న స్త్రీలు తల యెత్తుకొనలేకపోయిరి. అప్పుడు అగస్టీను భక్తుడు కలము పట్టెను. నరహత్య చేయకూడదను ఆజ్ఞ తన ప్రాణమునకును వర్తించుననియు, ఆ స్త్రీలయందు దోషము లేదనియు వాదించెను. గమనించితిరా? బ్రదికియున్నవారిని ఓదార్చుటకు వ్రాసిన మాట అది. తరువాతివారు దానిని చనిపోయినవారిమీద కొరడాగా చేసిరి. 561లో ఇప్పటి పోర్చుగల్లులోని బ్రాగా పట్టణమున కూడిన బిషప్పుల సభ అట్టివారికి భూస్థాపన ఆరాధన కూడదని తీర్మానించెను. 1662 నాటి ఆంగ్లికన్ ప్రార్థన పుస్తకమును అదే నియమము పెట్టెను. 1912లో అజరయ్యగారు బిషప్పైన మన దోర్నకల్ అధ్యక్ష ఖండము అప్పటికి ఆ ఆంగ్లికన్ సంఘములోనిదే. రోమను సంఘమువారు 1917 ధర్మశాస్త్రములో అట్టి నిషేధమునే వ్రాసి, 1983లో దానిని తీసివేసిరి.

తత్వవేత్తల సంగతి కొంచెము. పదుమూడవ శతాబ్దమున థామస్ అక్వీనాసు మూడు హేతువులు చెప్పెను: ప్రతి ప్రాణికి తన్ను తాను కాపాడుకొనుట స్వభావము, మనుష్యుడు తన ఊరికి చెందినవాడు, ప్రాణము దేవుని ఈవి. డేవిడ్ హ్యూము దీనిని ఒప్పలేదు. ఆయన మరణానంతరము 1777లో అచ్చయిన వ్యాసములో, లోకము విడిచినవాడు సమాజమునకు కీడు చేయడు, మేలు చేయుట మానును, అంతే అని వాదించెను. మిక్కిలి తెలివిగల మాటయే. కాని బాకీ కాగితములు, ముగ్గురు బిడ్డలు మిగిలిన యింటి గడపలో కూర్చుండి ఆ వాక్యము వ్రాయగలిగెడివాడా అని నా సందేహము.

మన ప్రభుత్వ చట్టమును తడబడినదే. 1860 శిక్షాస్మృతి, ప్రయత్నించి బ్రదికినవానికి ఏడాది వరకు చెర విధించెను. 1987లో ఆంధ్రప్రదేశ్ హైకోర్టు ఆ సెక్షను చెల్లుననెను. 1994లో సుప్రీంకోర్టు చెల్లదనెను. 1996లో మరల చెల్లుననెను. 2017 చట్టము అట్టివాడు తీవ్రమైన మనోవేదనలో ఉన్నట్టు భావించి, అతనికి వైద్యము, ఆదరణ ప్రభుత్వమే ఇయ్యవలెనని చెప్పెను. 2024 జూలైలో వచ్చిన కొత్త సంహితలో ఆ పాత సెక్షను లేదు.

ఇక వేదము తెరువుడి. అహీతోపెలు తన తండ్రి సమాధిలోనే పాతిపెట్టబడెను. సౌలు తన కత్తిమీదనే పడి చనిపోయెను; యాబేష్గిలాదువారు రాత్రియంతయు నడిచి వెళ్లి, శత్రువుల గోడమీదనుండి అతని శవమును దింపి తెచ్చి, యెముకలను చెట్టు క్రింద పాతిపెట్టి, ఏడు దినములు ఉపవాసముండిరి. దావీదు వారిని దీవించెను. భూస్థాపనకు అతడు తగునా తగడా అని ఎవరును అడిగినట్టు వ్రాయబడలేదు.

అయితే బ్రదికియున్నవాని విషయములో వేదము మౌనముగా లేదు. ఫిలిప్పీ చెరసాల తలుపులు తెరచుకొన్న రాత్రి, అధికారి కత్తి దూయగా, పౌలు చీకటిలోనుండి బిగ్గరగా కేక వేసి ఆపెను. అప్పులవాని గడియ అడ్డము వేసికొన్న తలుపును మీరు తట్టగలరు. మందు డబ్బాలను వేరొకరి యింట తాళము వేసి ఉంచగలరు. 14416 అను టెలిమానస్ నంబరుకు ఫోను చేసి, తెలుగులోనే మాటలాడించగలరు; రూపాయి ఖర్చు లేదు.

పౌలు ఆ అధికారికి ముందుగా ఆజ్ఞను వినిపించలేదు. మేమందరము ఇక్కడనే ఉన్నామని చెప్పెను. ఆ రాత్రియే ఆ మనుష్యుడు వారి గాయములు కడిగి, తన యింటికి తోడుకొని వచ్చి, వారికి భోజనము పెట్టెను.